క్రీసస్ అన్న మాటలో మిగిలిన సగం

కొన్ని నెలల క్రితం ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగులోకి తెస్తూ ఒకే పేరు దగ్గర రెండుసార్లు ఆగవలసి వచ్చింది. మొదటి చోట, తనను అప్పు అడిగిన బంధువుకు వ్యాసకర్త తాను క్రీసస్‌ను కానని బదులిస్తాడు. కొన్ని పుటల తరువాత, వ్యాపారంలో సర్వం పోగొట్టుకున్న ఒక పెద్దమనిషిని అదే పేరుతో ప్రస్తావిస్తాడు. మొదటి వాక్యాన్ని పెద్దగా ఆలోచించకుండానే ‘నేనేమీ కుబేరుణ్ణి కాను’ అని రాసేసి ముందుకు సాగాను. రెండో చోట మాత్రం కుబేరుడు ఒదగలేదు. కొంపా గోడూ పోగొట్టుకున్నవాడిని కుబేరుడంటే తెలుగు పాఠకుడికి అది వెటకారంగా వినిపిస్తుంది తప్ప, మూలంలో ఉన్న జాలి అందదు. ఒకే పేరు ఒక చోట అంత సులువుగా లొంగి మరో చోట ఎందుకు మొరాయిస్తున్నదో తేల్చుకుందామని ఆ పేరు వెంట పడ్డాను.

ఆంగ్ల నిఘంటువు చెప్పే అర్థం చాలా చిన్నది. క్రీసస్ అంటే మిక్కిలి ధనవంతుడు. అంతకుమించి అది ఏమీ చెప్పదు. జాతీయంగా ఎక్కువగా వినిపించేది ‘యాజ్ రిచ్ యాజ్ క్రీసస్’ అన్న పోలిక. క్రీసస్ అంతటి సంపన్నుడు అని భావం. ముందు ‘ఎ’ అన్న ఉపపదాన్ని చేర్చి ‘ఎ క్రీసస్’ అన్నప్పుడు ఆ పేరు నామవాచకాలలో జాతి మార్చుకుంటుంది. అది వరకు ఒక్క మనిషికే చెందిన సంజ్ఞ, ఆ క్షణం నుంచి ఆ లక్షణం ఉన్న ప్రతి మనిషికీ అతికే మాట అవుతుంది. బహువచనంలో ‘క్రీససెస్’ అని కూడా వాడతారు. ఇంత వాడుకలో నలిగినా రాతలో మాత్రం పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది. ఈ పెద్ద అక్షరం సంగతి మళ్లీ వస్తుంది.

ఉచ్చారణ గురించి ఒక మాట చెప్పి తీరాలి, ఎందుకంటే నేనే చాలా ఏళ్లు దీన్ని ‘క్రోసస్’ అని చదువుకున్నాను. ఆంగ్ల వర్ణక్రమంలో ఓ, ఈ అన్న రెండు అచ్చులు పక్కపక్కన ఉంటాయి కనుక తెలుగువాడి కన్ను ముందుగా ‘ఓ’ మీద పడుతుంది. గ్రీకులో ఈ పేరు ‘క్రొయిసోస్’. గ్రీకులోని ‘ఒయి’ లాటిన్‌లోకి వెళ్లేటప్పుడు ‘ఓఎ’గా రాయబడింది, ఆ ‘ఓఎ’ ఆంగ్లేయుల నోట ‘ఈ’ అయింది. ఫీనిక్స్ పక్షి పేరులోనూ ఇదే జరిగింది. అక్కడ ఎవరూ తడబడరు, ఎందుకంటే ఆ మాటను మనం చదవకముందే విన్నాం. క్రీసస్‌ను మాత్రం మనలో చాలామంది వినకముందే చదువుతారు.

వాడుకలో ఈ పేరుకు ఒక ప్రత్యేకమైన స్వరం ఉంది. గంభీరమైన ఆర్థిక నివేదికలో ఎవరినైనా క్రీసస్ అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. కొంచెం పుస్తకాల వాసన, కొంచెం హాస్యం కలిసిన సందర్భాలలోనే ఇది ఇముడుతుంది. వ్యతిరేకార్థంలో వాడినప్పుడు మరీ సహజంగా వినిపిస్తుంది. జర్మన్ భాషలోనైతే ఈ వ్యతిరేక ప్రయోగమే ప్రాణం: డబ్బు అడిగినవాడితో ‘నేనేమైనా క్రీసస్‌నా’ అనడం అక్కడ ఇంటింటి మాట. మనం ‘నేనేమైనా టాటానా, బిర్లానా’ అంటామే, సరిగ్గా ఆ విసుగే అది. ఫ్రెంచివారికీ ‘క్రీసస్ అంతటి ధనవంతుడు’ అన్న పోలిక ఉంది.

దీనికి పక్కింటి మాట ఒకటి ఉంది, రెంటినీ కలిపేసేవారూ ఉన్నారు. మైడాస్ పేరు మీదుగా వచ్చిన ‘మైడాస్ టచ్’ సంపాదించే నేర్పును చెబుతుంది. పట్టిందల్లా బంగారం కావడం అన్న మన మాటకు దగ్గరగా ఉంటుంది. క్రీసస్ పేరు సంపాదన గురించి ఏమీ చెప్పదు, ఉన్న సిరిని మాత్రమే చెబుతుంది. కొత్తగా పెట్టిన దుకాణం మొదటి ఏడాదే లాభాల బాట పడితే ఆ యజమానికి మైడాస్ చెయ్యి ఉందనవచ్చు, క్రీసస్ అనడానికి ఇంకా సమయం ఉంది. ఆ ఇద్దరినీ ఒక నది కలుపుతుంది. తాకినదల్లా బంగారమైపోయే వరం శాపంగా మారాక మైడాస్ ఆ పీడను పాక్టోలస్ నదిలో కడుక్కున్నాడనీ, అందుకే ఆ నది ఇసుకలో బంగారం దొరికేదనీ గ్రీకుల కథ. ఆ నది క్రీసస్ రాజధాని మీదుగానే పారేది. కథలో ఒకరు కడుక్కున్న బంగారం మరొకరికి సిరి అయిందన్నమాట. రోమన్ ధనికుడు క్రాసస్‌తో పొరబడేవారు కూడా ఉన్నారు. అతను క్రీ.పూ. 53లో కారే యుద్ధంలో చనిపోయిన సేనాని. పేర్ల పోలిక, డబ్బు పోలిక తప్ప ఈ రాజుతో సంబంధం లేదు.

ఇంతకీ ఈ రాజు ఎవరు? క్రీసస్ లిడియా దేశపు చివరి రాజు. లిడియా అంటే ఇప్పటి టర్కీ పశ్చిమ భాగం, రాజధాని సార్డిస్. తండ్రి ఆలియాటీస్ తరువాత సుమారు క్రీ.పూ. 560లో, తన 35వ ఏట సింహాసనం ఎక్కాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆసియా తీరంలోని గ్రీకు పట్టణాలను లొంగదీసి కప్పం కట్టించుకున్నాడు. జోస్యం చెప్పే గ్రీకుల డెల్ఫీ క్షేత్రానికి అతను పంపిన కానుకల జాబితా చదువుతుంటే హెరొడోటస్ వాటిని పక్కన నిలబడి లెక్కపెట్టాడేమో అనిపిస్తుంది. 117 లోహపు ఇటుకలు, వాటిలో నాలుగు మేలిమి బంగారం, తక్కినవి వెండి కలిసిన తెల్ల బంగారం. ఆ ఇటుకల మీద నిలబెట్టిన బంగారు సింహం బరువు పది టాలెంట్లు (టాలెంట్ అంటే గ్రీకుల తూకపు కొలత). తరువాత డెల్ఫీ ఆలయం తగలబడినప్పుడు ఆ సింహం ఇటుకల మీద నుంచి కింద పడిందనీ, కరిగినంత కరిగి ఆరున్నర టాలెంట్లు మిగిలిందనీ కూడా అతనే చెప్పాడు. ఎఫెసస్‌లోని ఆర్టెమిస్ ఆలయానికి క్రీసస్ ఇచ్చిన స్తంభాల ముక్కలు, అతని పేరుతో చెక్కిన సమర్పణ అక్షరాలతో సహా, నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కనుక ఈ సంపద వట్టి పుక్కిటి పురాణం కాదు.

అయితే ఆ కాలంలో బంగారం ఉన్న రాజు ఇతనొక్కడే కాదు. ఈజిప్టులో, బాబిలోన్‌లో ఇంతకంటే పెద్ద ఖజానాలు ఉండేవి. మరి వారి పేర్లు జాతీయాలుగా ఎందుకు మారలేదు? నాకు తోచిన సమాధానం నాణెం. అంతకు ముందు లిడియాలో నాణేలు ఎలెక్ట్రమ్‌తో చేసేవారు. అది బంగారం, వెండి సహజంగా కలిసిపోయి దొరికే లోహం. ఒక నాణెంలో ఎంత బంగారం, ఎంత వెండి ఉందో పుచ్చుకునేవాడికి కంటితో తెలియదు. గీటురాయి మీద గీసి వన్నె చూసుకోవలసిందే; గ్రీకులు ఆ రాయిని లిడియా రాయి అనే పిలిచేవారు. రెండు లోహాలనూ వేరు చేసి, బంగారు నాణెం వేరుగా, వెండి నాణెం వేరుగా అచ్చు వేయించిన ఘనతను సాధారణంగా క్రీసస్‌కు ఆపాదిస్తారు. వాటిని ఇప్పటికీ అతని పేరు మీదుగా క్రీసీడ్‌లు అంటారు. సార్డిస్ తవ్వకాలలో, పాక్టోలస్ ఒడ్డున, 1960ల దశకంలో బంగారాన్ని శుద్ధి చేసిన కార్ఖానా అవశేషాలు బయటపడ్డాయి. లోహాన్ని పలుచని రేకులుగా కొట్టి, ఉప్పుతో కలిపి మట్టిపాత్రలలో పెట్టి, కొలిమిలో గంటల తరబడి వేడి చేసేవారు; ఉప్పు వెండిని లాగేసుకుంటే బంగారం మిగిలేది. మన కంసాలులు పుటం పెట్టడం అనే పనికి ఇది దూరపు చుట్టమే.

ఆ నాణెం ఛాయాచిత్రాన్ని పెద్దది చేసి చూశాను. గుండ్రంగా ఉండదు, అటూ ఇటూ నొక్కిన గింజలాగా, కోలగా, అంచులు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ముందువైపు ఎడమన నోరు తెరిచిన సింహం, కుడిన కొమ్ము దించిన ఎద్దు. రెంటికీ ముందు భాగాలు మాత్రమే చెక్కారు. ముఖాముఖిగా, ఒకదాని ముక్కు మరొకదానికి తగిలేటంత దగ్గరగా ఉంటాయి. వెనకవైపు బొమ్మ ఏమీ లేదు, ఉలితో గుద్దిన రెండు చదరపు గుంటలు తప్ప. రాజు పేరూ లేదు, ఒక్క అక్షరమూ లేదు. తొలి రకం బరువు దాదాపు 10.7 గ్రాములు, తరువాత వచ్చిన తేలిక రకం సుమారు 8 గ్రాములు. గ్రీకు వర్తకుడి దృష్టిలో క్రీసస్ అంటే మహలులో ఉన్న ఎవరో రాజు కాదు. అరచేతిలో పట్టే, వన్నె చూడనక్కరలేని ఆ లోహపు ముక్క. పేరు జనం నోట్లో నానడానికి అంతకంటే మంచి దారి ఏముంటుంది?

క్రీసస్ ఖజానా గురించి హెరొడోటస్ చెప్పిన కథలలో నాకు మిక్కిలి ఇష్టమైనది ఏథెన్స్‌వాడైన అల్క్మియాన్‌ది. అతను చేసిన ఉపకారానికి మెచ్చి, ఒక్కసారిగా ఒంటి మీద మోయగలిగినంత బంగారం తీసుకువెళ్లమని క్రీసస్ అనుమతించాడు. అల్క్మియాన్ వదులైన పెద్ద అంగీ తొడిగి, దొరికినవాటిలో అతి వెడల్పైన బూట్లు వేసుకుని ఖజానాలోకి వెళ్లాడు. బంగారు రజను కుప్ప మీద పడి, ముందు పిక్కల చుట్టూ బూట్లు పట్టినంత కూరాడు. అంగీ మడతలో రొమ్ము దాకా నింపాడు. జుట్టు మీద చల్లుకున్నాడు. చివరికి నోట్లో కూడా పోసుకున్నాడు. బయటికి వచ్చేటప్పుడు బూట్లు ఈడ్చుకుంటూ, బుగ్గలు పూరించి, ఒళ్లంతా ఉబ్బి, మనిషి ఆకారమే లేకుండా ఉన్నాడట. క్రీసస్ పగలబడి నవ్వి, అదంతా ఇచ్చి, మళ్లీ అంతకు తక్కువ కాకుండా ఇచ్చాడట. కాలాల లెక్కలో ఈ కథ నిలబడదని చరిత్రకారులు అంటారు. నిలబడకపోయినా, క్రీసస్ అన్న మాటలో ఉన్న హాస్యపు జాడ ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ కనబడుతుంది. అంత ఉన్నవాడు ఇవ్వడానికి వెనుకాడడు, పుచ్చుకునేవాడే నవ్వులపాలవుతాడు.

ఇంతవరకు నిఘంటువు ఉంచుకున్న సగం. ఇప్పుడు అది వదిలేసిన సగం.

హెరొడోటస్‌కు క్రీసస్ ధనవంతుడన్నది కథకు ప్రారంభం మాత్రమే. అతనికి కావలసింది పతనం. ఏథెన్స్ శాసనకర్త సోలోన్ సార్డిస్ వచ్చినప్పుడు, ఖజానా అంతా తిప్పి చూపించి, లోకంలో అందరికంటే సుఖవంతుడు ఎవరని రాజు అడుగుతాడు. తన పేరే చెబుతాడని అతని నమ్మకం. సోలోన్ ముందు టెల్లస్ అనే సామాన్య పౌరుడి పేరు చెబుతాడు. తరువాత, ఎడ్లు సమయానికి రాకపోతే తల్లి ఎక్కిన బండికి తామే కాడి పట్టి గుడిదాకా లాగి, ఆ రాత్రి నిద్రలోనే కన్నుమూసిన అన్నదమ్ముల పేర్లు చెబుతాడు. రాజుకు కోపం వస్తుంది. మనిషి ఆయుష్షు 70 ఏళ్లనుకుంటే అందులో 26,250 రోజులున్నాయనీ, ఏ ఒక్క రోజూ మరో రోజులాంటిది కాదనీ, కడదాకా చూడకుండా ఎవరినీ సుఖవంతుడనలేమనీ సోలోన్ లెక్క కట్టి మరీ చెబుతాడు. సోలోన్ ఏథెన్స్‌లో అధికారంలో ఉన్నది క్రీ.పూ. 594లో; క్రీసస్ రాజైంది దాదాపు మూడున్నర దశాబ్దాల తరువాత. ఈ ఇద్దరూ కలుసుకోవడం కాలం లెక్కలో కుదరదని సోలోన్ జీవితకథ రాసిన ప్లూటార్క్ నాటికే కొందరు ఆక్షేపించారు. అతను ఆ ఆక్షేపణను ప్రస్తావించి, సోలోన్ స్వభావానికి ఇంత చక్కగా అతికిన కథను తేదీల కోసం వదులుకోనన్నాడు. చరిత్రకారుడిగా అది తప్పే కావచ్చు గాని, కథ తెలిసినవాడిగా అతని పక్షాన నిలబడాలనిపిస్తుంది.

ఆ తరువాత కథ వేగం అందుకుంటుంది. తూర్పున పర్షియా రాజు సైరస్ బలపడుతున్నాడు. అతని మీదికి వెళ్లవచ్చునా అని క్రీసస్ డెల్ఫీలో ప్రశ్న అడిగించాడు. అంతకు ముందే ఏ క్షేత్రం నిజం చెబుతుందో తేల్చుకోవడానికి ఒక పరీక్ష కూడా పెట్టాడు: దూతలు బయలుదేరిన నూరవ రోజున రాజు ఏం చేస్తున్నాడో చెప్పమన్నాడు. తాబేలునూ గొర్రెపిల్లనూ కలిపి కంచు పాత్రలో, కంచు మూతపెట్టి ఉడికిస్తున్న సంగతి డెల్ఫీ పూజారిణి పసిగట్టింది. అంత కచ్చితమైన నోటి నుంచి, యుద్ధానికి వెళ్తే ఒక మహాసామ్రాజ్యం కూలుతుందన్న మాట వచ్చేసరికి, కూలేది ఎవరిదని అడగాలని అతనికి తోచలేదు. తన రాజ్యపు సరిహద్దైన హాలిస్ నది దాటాడు. తొలి యుద్ధం ఎటూ తేలలేదు. చలికాలం వస్తున్నదని సార్డిస్‌కు తిరిగి వచ్చి, కిరాయి సైన్యాన్ని ఇళ్లకు పంపేశాడు. సైరస్ చలిని లెక్కచేయక వెన్నంటి వచ్చాడు.

కోట మీద ఒక వైపు నిట్టనిలువుగా ఉండడం వల్ల కాపలా పెట్టలేదు. ఆ వైపున ఒక లిడియా సైనికుడి శిరస్త్రాణం జారి కొండ కిందికి దొర్లింది. అతను దిగివచ్చి దాన్ని తీసుకుని మళ్లీ ఎక్కిపోయాడు. దిగినవాడు దిగిన దారినే ఎక్కవచ్చునని కింద నుంచి చూస్తున్న పర్షియా పక్షపు సైనికుడు గ్రహించాడు. 14 ఏళ్లు ఏలిన రాజ్యం 14 రోజుల ముట్టడిలో పోయింది. ఇది క్రీ.పూ. 546 ప్రాంతంలో జరిగిందని సాధారణంగా చెబుతారు. పట్టుబడినవాణ్ణి కాల్చడానికి చితి మీద, 14 మంది లిడియా బాలుర నడుమ కూర్చోబెట్టినప్పుడు, క్రీసస్ చాలాసేపు మౌనంగా ఉండి సోలోన్ పేరు మూడుసార్లు పిలిచాడట. ఎవరిని పిలుస్తున్నాడో కనుక్కుని, విని, తానూ మనిషినే కదా అని సైరస్ మనసు మార్చుకున్నాడు. అంతలో డెల్ఫీ దేవుడు అపొలో కరుణించి వాన కురిపించాడు. చితి దిగిన రాజు, నగరంలో పడి తిరుగుతున్న సైనికులను చూపి వారేం చేస్తున్నారని అడిగాడు. నీ నగరాన్ని దోచుకుంటున్నారని సైరస్ అన్నాడు. అది ఇప్పుడు నాది కాదు, వాళ్లు దోచుకుంటున్నది నీ సొమ్మే అని క్రీసస్ బదులిచ్చాడు. మొత్తం కథలో అతను నిజంగా తెలివైన మాట అన్నది ఖజానా చేయి దాటిపోయాకే.

హెరొడోటస్ కంటే ముందే, ఈ పతనానికి యాభై, అరవై ఏళ్లు తిరగకుండానే, ఏథెన్స్ కుమ్మరి చేతిలో ఇదే చితి ఒక మట్టి కూజా మీదికెక్కింది. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కట్టెల పేర్పు మీద సింహాసనం వేసుకుని, దండం పట్టుకుని, తలకు ఆకుల దండ చుట్టుకుని, చేతిలోని గిన్నె నుంచి నైవేద్యం ధార పోస్తూ క్రీసస్ కూర్చుని ఉంటాడు. కింద యూథిమోస్ అనే సేవకుడు వంగి మంట పనిలో ఉంటాడు. ఆ మొహంలో భయం లేదు, పూజ చేసే మనిషి మొహం అది. ఆ చిత్రకారుడి దృష్టిలో క్రీసస్ అన్న పేరుకు అర్థం ఇదీ. దానిలో ఎక్కడా ఒక్క నాణెం కూడా గీయలేదు.

రోమన్ కవుల దగ్గరికి వచ్చేసరికి పేరు సామెత అయిపోయింది. కాటులస్ ఒకడి ఆస్తిని ఎత్తిపొడుస్తూ, క్రీసస్‌ను మించిపోగలవాడన్నాడు. నల్ల సముద్రపు ఒడ్డుకు ప్రవాసం పోయిన ఓవిడ్ మాత్రం రెండు సగాలనూ ఒక్క పంక్తిలో పట్టాడు: ఇప్పటిదాకా క్రీసస్ అయినవాడు ఇట్టే ఐరస్ అయిపోతాడని. ఐరస్ హోమర్ కథలోని బిచ్చగాడు. ఆంగ్లంలో కూడా మొదట్లో పతనమే ముందు నడిచింది. 14వ శతాబ్దం చివరలో ఆంగ్ల కవి చాసర్ రాసిన సన్యాసి కథలో క్రీసస్ వచ్చేది గొప్పవారు ఎలా కూలారో చెప్పే వరుసలో. అక్కడ అతను చెట్టు మీద ఉన్నట్టు, ఒక దేవుడు స్నానం చేయించినట్టు, ఒక దేవుడు ఒళ్లు తుడవడానికి తువ్వాలు తెచ్చినట్టు కలగంటాడు. ఆ చెట్టు ఉరికొయ్య, నీరు వాన, తువ్వాలు ఎండ అని కూతురు విప్పి చెబుతుంది. చివరికి ఉరి తీస్తారు. ఆ తరువాతి కాలంలో పాఠకుల జ్ఞాపకం నుంచి ఉరికొయ్య, చితి జారిపోయాయి, బంగారం మిగిలింది. మనిషిని జాతీయంగా మార్చేటప్పుడు భాష చేసే పని సార్డిస్ కొలిమి చేసిన పనిలాంటిదే. కలిసి ఉన్న రెండు లోహాలలో ఒకదాన్ని ఉంచుకుని, రెండోదాన్ని ఉప్పుకు అప్పగిస్తుంది.

రాజుల పేర్లన్నిటికీ ఆంగ్లం ఒకే మర్యాద ఇవ్వలేదు. కారియాను పాలించి క్రీ.పూ. 353లో చనిపోయిన మౌసోలస్ పేరు, అతని సమాధి వల్ల, ‘మౌసోలియం’గా చిన్న అక్షరంలోకి దిగిపోయింది, ఆ మాట వాడేవారిలో ఎక్కువమందికి అందులో ఒక మనిషి ఉన్నాడనే తెలియదు. ఎపిరస్ రాజు పిర్రస్ క్రీ.పూ. 279లో రోమన్ల మీద గెలిచి, గెలుపుకే చితికిపోయాడు. ‘పిర్రిక్ విక్టరీ’ అన్నప్పుడు అతని పేరు విశేషణమై పక్కకు ఒదిగి నిలబడుతుంది. సీజర్ పేరు ఏకంగా బిరుదై, జర్మనీలో కైజర్, రష్యాలో జార్ అయింది. క్రీసస్ మాత్రం చెక్కుచెదరని నామరూపంతో, పెద్ద అక్షరంతో ఉన్నాడు. వస్తువుగా మారలేదు, విశేషణంగా కరగలేదు, బిరుదు కాలేదు. కారణం నాకు తోచినంతవరకు ఒకటే: ఈ పోలికలో మనిషిని మనిషితోనే పోలుస్తున్నాం, కనుక అవతల కూడా ఒక మనిషి నిలబడి ఉండాలి.

తెలుగుకు ఈ పద్ధతి కొత్త కాదు. భగీరథ ప్రయత్నం, శల్య సారథ్యం, కుంభకర్ణుడి నిద్ర అని రోజూ అంటూనే ఉంటాం. అయితే ఇవన్నీ ఇతిహాస పురాణాల నుంచి వచ్చినవి. చరిత్రలో నడిచిన రాజు పేరు తెలుగులో జాతీయంగా స్థిరపడినది అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది తుగ్లక్. 1325 నుంచి 1351 దాకా ఢిల్లీని ఏలిన మహమ్మద్ బిన్ తుగ్లక్, రాకుమారుడిగా ఉండగా 1323లో ఓరుగల్లును జయించి కాకతీయ రాజ్యాన్ని ముగించినవాడు. అతని పేరులో మనం ఉంచుకున్నది ఆ దండయాత్ర కాదు, అతని పాండిత్యమూ కాదు. రాజధానిని దౌలతాబాద్‌కు మార్చడం, వెండి నాణేనికి బదులు రాగి, ఇత్తడి నాణేలు చెల్లుబాటు చేయబోవడం, రెండూ బెడిసికొట్టడం. ‘తుగ్లక్ పాలన’, ‘పిచ్చి తుగ్లక్’ అన్న మాటలు వాటి నుంచే. లోహాన్ని నమ్మదగినదిగా చేసి ఒకడు, నమ్మకాన్నే లోహంగా చెల్లించబోయి ఒకడు, ఇద్దరు రాజులు రెండు భాషల్లోకి నాణెం మీదుగానే ప్రవేశించారనుకుంటే నాకు సరదాగా ఉంటుంది.

ఇక కుబేరుడు. క్రీసస్‌కు కుబేరుణ్ణి ఎదురు పెట్టడం తేలిక. పత్రికలు ‘అపర కుబేరుడు’ అని వాడే తీరు ఆంగ్లంలో ‘మోడర్న్ క్రీసస్’ అని వాడే తీరుకు సరిజోడు. నా మొదటి అభ్యంతరం ఏమిటంటే, కుబేరుడు దేవుడు, దిక్పాలకుడు. సిరి అతనికి పదవి, క్రీసస్‌కు సిరి అదృష్టం. దేవుడికి పతనం లేదు కనుక పోలిక సగమే కుదురుతుందని రాసిపెట్టుకున్నాను. ఆ వాక్యం రాసి రెండు రోజులైనాక నాకే సిగ్గేసింది. లంక మొదట కుబేరుడిది. పుష్పకం అతనిది. సవతి తమ్ముడు రావణుడు రెండూ లాక్కుంటే, ఉత్తరాన కైలాసం దిక్కుకు తరలిపోయినవాడే మన కుబేరుడు. రామాయణం ఇంటింటా చదివే జనం ఆ ఓటమిని మరచి, ‘కుబేరుడు’ అనగానే నిధులు మాత్రమే గుర్తు చేసుకుంటారు. అంటే ఆంగ్లేయులు క్రీసస్‌కు చేసిన పనే మనమూ కుబేరుడికి చేశాం, కాకపోతే ఇంకా ముందే చేశాం. రెండు పేర్లు ఇంత చక్కగా సరిపోవడానికి కారణం ఇద్దరికీ సంపద ఉండడం కాదు, ఇద్దరి ఓటమినీ వాడుక ఒకే విధంగా తుడిచేయడం.

ఇది తెలిశాక నా రెండు వాక్యాల సంగతి తేలిపోయింది. మొదటి వాక్యంలో వ్యాసకర్తకు కావలసింది తుడిచిన తరువాతి క్రీసస్. అప్పు అడిగినవాణ్ణి సాగనంపడానికి చితి, డెల్ఫీ అక్కరలేదు. అక్కడ ‘నేనేమీ కుబేరుణ్ణి కాను’ అన్నది అలాగే ఉంచి, చివర ‘కదా’ ఒకటి చేర్చాను. విసుగు కొంచెం తగ్గి చుట్టరికం కొంచెం పెరిగింది. రెండో వాక్యంలో ఆయన తుడవని క్రీసస్‌ను తలుచుకున్నాడు. ఆ పెద్దమనిషి ఆస్తులు వేలానికి పోతున్న రోజున, కిటికీ దగ్గర కూర్చుని, ఎవరి సొమ్ముకు ఎవరు పాట పాడుతున్నారో చూస్తూ ఉన్నాడని ముందు పేరాలోనే ఉంది. మొదటిసారి చదివినప్పుడు అది నా కంటికి ఆనలేదు. ‘లంక పోగొట్టుకున్న కుబేరుడు’ అని ఒక పూట రాసి చూశాను. బాగానే ఉంది గాని, అప్పుడు పాఠకుడి ఆలోచన రావణుడి వైపు వెళ్తుంది, ఆ పెద్దమనిషి కథలో రావణుడు లేడు. కొట్టేశాను. చివరికి క్రీసస్ పేరును కదపకుండా ఉంచి, దాని ముందు ‘చితి దిగిన లిడియా రాజు’ అన్న నాలుగు మాటలు చేర్చి, అనువాదం పంపించాను.